జోరమ్మ రేకులు

1969 జూన్ నాలుగో తేదీ, బుధవారం, పొద్దున పదిన్నరకూ పదకొండుంబావుకూ మధ్య మా అమ్మ చనిపోయింది. సరిగ్గా ఎప్పుడన్నది ఎవరూ చెప్పలేకపోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో మల్లికార్జునరావు గారి పటాల షాపు తగలబడుతుంటే, లోపల ఉన్న తన బొమ్మల కోసం వెళ్లింది. తిరిగి రాలేదు. ఇరవై మూడేళ్లుగా వేసిన వాటిలో మంచివని ఏరి ఇచ్చిన నలభైఒక్క బొమ్మలూ ఆమెతోపాటే పోయాయన్నారు. నేను ఆ రోజు ఇంట్లో లేను. తెలంగాణ ఉద్యమం వల్ల బడి మూతబడినా టీచర్లం వారానికొకసారి ఆఫీసుకు పోయి సంతకం పెట్టాలి. సంతకం పెట్టడానికి వెళ్లాను.

తొమ్మిది రోజుల తర్వాత, పదమూడో తేదీ శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు ఇన్‌స్పెక్టర్ మల్లేశం ఆ షాపు సీలు తీశాడు. పంచనామా మీద సంతకం పెట్టమని నన్ను పిలిపించాడు. సాక్షిగా షాపులో ఫ్రేములు కట్టే కొమరయ్యను కూడా పిలిచాడు. కొమరయ్య మా చర్చి మనిషే. నన్ను చూసి తల తిప్పుకుని గోడవారకు వెళ్లి నిలబడ్డాడు.

నేను అడిగితే నాతో సాంబమూర్తి గారు వచ్చారు. ఆయన ఇరవై ఏళ్లు ఒక ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున కాలిపోయిన గోదాములూ మిల్లులూ పరిశీలించి, ఆ ఉద్యోగం మానేసి నారాయణగూడలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్నారు. పొట్టి మనిషి. మోకాళ్ల మీద వంగి పనిచేసే అలవాటు వల్ల ప్యాంటు మోకాళ్లు ఎప్పుడూ తెల్లబడి ఉంటాయి.

“గీయన ఎవరు మాస్టర్?” అన్నాడు మల్లేశం.

చెప్పాను.

“ప్రైవేటు డిటెక్టివా? సినిమాల తప్ప యాడ సూడలే.” ఆయన్ను కిందినుంచి మీదికి చూశాడు. “ఏ ఊరు సార్ మీది? గుంటూరా?”

“తెనాలి పక్కనండీ.”

“గిప్పుడు ఊరంతా గిట్లుంటే, ఆంధ్ర నుంచి ఒచ్చినాయన రోడ్డు మీద ఎట్ల నడిచిండు?”

“మలక్‌పేట దగ్గర నలుగురు కుర్రాళ్లు ఆపారండీ. ఏ ఊరని అడిగారు, చెప్పాను. ఈ ఎండలో ఏం పని తాతా నీకని తిట్టి, మంచినీళ్లిచ్చి పంపారు.”

మల్లేశం పక్కనున్న కానిస్టేబుల్ నవ్వాడు. మల్లేశం చూసిన చూపుకు ఆ నవ్వు ఆగిపోయింది.

పంచనామా అప్పటికే రాసి ఉంది. పదకొండుంబావుకు ఊరేగింపులో వచ్చిన వాళ్లు షాపుకు నిప్పు పెట్టారు. రేకుల మీద వేసిన నలభైఒక్క బొమ్మలు రంగు కాలి పనికిరాకుండా పోయాయి. వాటి యజమానురాలు పొగకు ఊపిరాడక చనిపోయింది. కింద నా సంతకానికి చోటు.

“గోడ ఒరిగింది మాస్టర్. రేపు పొద్దుగాల లారీ ఒచ్చి అంతా ఎత్తుకపోతది. ఐదు గంటల లోపల సంతకం పెట్టుండ్రి. ఫైలు మూస్తా. మీరు గూడ ఇంటికి పోయి జర నిమ్మలంగుండున్రి.” ఆ చివరి మాట అతను మనసులోంచే అన్నాడు.

సంతకం పెడితే బొమ్మలు కాలిపోయినట్టు నేనే ఒప్పుకున్నట్టు. తర్వాత వాటిని ఎవరూ వెతకరు. కాలిపోయాయన్న నమ్మకం నాకూ దాదాపుగా ఉంది. అయినా పెన్ను తీయలేదు.

సాంబమూర్తి గారు కాగితం చదివి మడిచి ఇచ్చారు. “ఒక్క సంగతి చెబుతారా ఇన్‌స్పెక్టర్ గారూ? మంటలని ఫైరింజను వాళ్లకు ఫోను ఎప్పుడొచ్చింది?”

“వాళ్లనే అడగాలె.”

“అడిగానండీ. పదీ ముప్పై అయిదు అని వాళ్ల పుస్తకంలో ఉంది. ఊరేగింపు మలక్‌పేట వంతెన దాటింది పదకొండింటికని మీ పుస్తకంలో ఉంది. అంటే, నిప్పు పెట్టినవాళ్లు రాకముందే నిప్పు వచ్చేసింది.”

మల్లేశం మొహం ఎర్రబడింది. “మా పుస్తకం మీకెవరు సూపిచ్చిన్రు?”

“అది చెప్పను.”

“ఎక్కడో తెనాలి నుంచి ఒచ్చి, మా పోరగాండ్లు పెట్టలేదని మీరు సాక్ష్యం చెప్తరు! పెట్టిన్రని నేను రాస్తున్న! ఏందిది, తమాషాగుందా?”

“మీకెందుకండీ కోపం? మీవాళ్లు నిప్పు పెట్టారని నేననలేదుగా, మీరే అన్నారు.”

ఎదురుగా టీ బండి పెట్టుకున్న ఆండాలు అప్పుడే నాలుగు గ్లాసులతో రోడ్డు దాటి వచ్చింది. “ఇన్‌స్పెక్టర్ సాబ్, చాయ్ తాగి కొట్లాడున్రి. కాలిన కొంపల నిలవడి ఒర్రితే గొంతెండుతది.” నా చేతికి గ్లాసు ఇస్తూ గొంతు తగ్గించింది. “తాగు బిడ్డా. తిన్నవా లేదా?”

“ఆ రోజు మీరిక్కడ ఉన్నారాండీ?” అని సాంబమూర్తి గారు ఆమెను అడిగారు.

“బంద్ గదా, బండి పెట్టలే. స్టవ్ తీస్కపోదామని ఒచ్చిన. గప్పుడు పదైతుండొచ్చు. రావు సారు స్కూటర్ గా సందుల పెట్టి ఎనక తలుపు తీసి లోపలికి పోయిండు. బంద్ నాడు షాపేంది, గిరాకీలేందని నవ్వుకున్న. జరసేపటికే బయటికొచ్చిండు. స్కూటర్ స్టార్టు చెయ్యలే. నూక్కుంట పోయిండు, మెయిన్ రోడ్డు దాంక.”

“పాడైందేమో.”

“పాడైతే మెకానిక్ దిక్కు నూకుతరు. గీయన ఊరవతలి దిక్కు నూకిండు.”

“మరి నాకెందుకు చెప్పలే?” అని మల్లేశం కసిరాడు.

“నన్నెవరడిగిన్రు సార్? మీరొచ్చి, ‘ఎంతమంది ఉండిరి, ఏం జెండాలు పట్టుకొచ్చిన్రు’ అనడిగిన్రు. జెండాల సంగతి చెప్పిన.” ఖాళీ గ్లాసులు చేతిలోకి తీసుకుని, నా వైపు చూడకుండా అంది. “మీ అమ్మను, జోరక్కను, నేను పట్టుకున్న. కొంగు నా చేతులనే చినిగింది. ఇడిపిచ్చుకుని పోయింది.”

సాంబమూర్తి గారు చెప్పులు విప్పి షాపులోకి అడుగుపెట్టారు.

అమ్మ అసలు పేరు జోహ్రా. ట్యునీషియాలో సముద్రపు ఒడ్డున ఖర్జూరపు తోటలున్న గాబెస్ ఆమె ఊరు. మా నాన్న ప్రభుదాసు పెద్ద యుద్ధంలో ఆంబులెన్సు డ్రైవరుగా అక్కడికి పోయాడు. మిలిటరీ దవాఖానలో దుప్పట్లు ఉతికే పిల్లను పెళ్లి చేసుకుని 1946లో గడ్డిఅన్నారం తెచ్చాడు. ఆమెకు ఏ భాషలోనూ చదువు లేదు. బొమ్మలు వేయడం ఎవరూ నేర్పలేదు. మొదట ఇంటి గోడ మీద సున్నమూ బట్టల నీలిమందూ కలిపి వేసింది. వానాకాలం గోడను కడిగేసింది. మరుసటి ఏడు కిరసనాయిలు డబ్బాను నాలుగు పలకలుగా కోసి, సుత్తితో సాపుచేసి, ఇటుక పొడితో తోమి, ఆ రేకు మీద వేసింది. లారీలకు రంగులు వేసేవాళ్లు డబ్బా అడుగున మిగిలింది ఇచ్చేవారు. కుడి అంచున మొదలుపెట్టి ఎడమకు వచ్చేది. పెద్ద కళ్ల ఆడవాళ్లు, తలమీద కుచ్చున్న పిట్టలు, పడవలు. నాన్న చనిపోయిన ఏడాది మాత్రం ఒక్క పడవా వేయలేదు.

మొదటి రేకును ఈ షాపుకు తెచ్చింది నేనే. మార్చిలో, ఫ్రేము కట్టించడానికి. మల్లికార్జునరావు గారు కుర్రతనంలో మద్రాసులో బొమ్మలు నేర్చుకున్నారు. దేవుళ్ల క్యాలెండర్లకు గీశారు. అదీ సాగక ఈ షాపు పెట్టుకున్నారు. ఆ రేకును వెలుతురులో పెట్టి చాలాసేపు చూసి, మర్నాడే మా ఇంటికి వచ్చారు. నలభైఒకటి ఏరుకున్నారు. అన్నిటికీ ఫ్రేములు తానే కడతానన్నారు, నగరంలో ఎగ్జిబిషన్ పెట్టిస్తానన్నారు. అమ్మ ఆ రోజు ఆయనకు అన్నం పెట్టింది. షాపు కాలిన దగ్గర్నుంచి ఆయన విజయవాడలో అన్నగారింట్లో ఉన్నారు. సానుభూతి తెలుపుతూ నాకు టెలిగ్రాం ఇచ్చారు.

“మాస్టారూ, ఒకసారి లోపలికి రండి,” అని సాంబమూర్తి గారు పిలిచారు. “నా అడుగుల్లోనే అడుగులు వేయండి.”

పైకప్పు దూలాలు కాలి కిందపడ్డాయి. వెనక గోడకు పటాలు నిలబెట్టే ఇనుప చట్రం ఉంది. అందులో రేకులు వరసగా నిలబడి ఉన్నాయి. మరికొన్ని చట్రానికీ తలుపుకూ మధ్య నేలమీద పడి ఉన్నాయి. అన్నీ నల్లగా ఉన్నాయి. ఫ్రేముల చెక్క బూడిదై, మేకులు మిగిలాయి.

“లెక్కపెట్టినం. నలభైఒకటి,” అన్నాడు మల్లేశం గుమ్మంలోంచి. “గింకేం గావాలె?”

“చట్రంలో ఇరవై ఏడు. నేలమీద పద్నాలుగు,” అన్నారు సాంబమూర్తి గారు. నేలమీది రేకు ఒకదాన్ని రెండు వేళ్లతో మెల్లగా ఎత్తారు. “కిందకి చూడండి.”

చుట్టూ వేలెడు మందాన బూడిద. రేకు ఉన్న చోట మాత్రం సిమెంటు శుభ్రంగా ఉంది.

“కప్పు కాలి బూడిద రాలకముందే ఇవి నేలమీద ఉన్నాయి. అగ్ని వీటిని చట్రంలోంచి పడెయ్యలేదు. మంటలు పైన ఉండగా ఎవరో ఒక్కొక్కటీ బయటికి లాగి ఇక్కడ పెట్టారు.”

“ఆమెనే పెట్టిందేమో. బయటికి మోసుకపోదామని.”

“బయటికి మోసుకెళ్లేవాళ్లు ఒకటి తీసుకుని తలుపు వైపు పరిగెత్తుతారు. లోపలే పద్నాలుగు పేరుస్తూ కూర్చోరు.” నా వైపు తిరిగారు. “ఇది మీ అమ్మగారి పనేనని చూడగానే చెప్పగలరా?”

రంగంతా పోయింది. పడవలు లేవు, పిట్టలు లేవు. నల్ల రేకు. చెప్పలేనన్నాను. అలా అంటూనే అలవాటుగా రేకును వెనక్కి తిప్పి, కింది మూల వేలితో తడిమాను.

నున్నగా ఉంది.

ఇంకోటి తీశాను. అదీ నున్నగానే ఉంది. మూడోది, నాలుగోది. చట్రంలో ఉన్న వాటి దగ్గరకు వెళ్లాను.

“ఏం చేస్తున్నారు మాస్టారూ?”

అన్నిటినీ తడిమాక చెప్పాను.

అమ్మ గడ్డం మీద పచ్చబొట్టు ఉండేది. పైన మూడు చుక్కలు, కింద రెండు. వాళ్ల ఊళ్లో ఆడపిల్లలకు పొడిపిస్తారట. ఆమె గడ్డిఅన్నారం వచ్చిన రోజున, ఎవరో పరాయి దేశపామె వచ్చిందని వాడంతా గుమిగూడితే, పక్కింటి పోచమ్మ ఆ చుక్కలు చూసి తన నుదుటి పచ్చబొట్టు చూపించి, “గీమె మన తీరే ఉన్నది,” అన్నదట. జోహ్రా ఆ రోజే జోరమ్మ అయింది. బొమ్మ మొదలుపెట్టే ముందు ఆమె రేకును బోర్లించి, కింది మూలలో మేకుతో ఆ అయిదు చుక్కలూ కొట్టేది. రంగు పూశాక ముందువైపు కనబడవు. చిన్నప్పుడు రేకు కదలకుండా నేను పట్టుకునేవాణ్ణి. నా వేలు పట్టుకుని ఆ గుంటల మీద నడిపించేది. “గిది నేను,” అనేది. ఇంకెవరికీ చెప్పినట్టు నాకు తెలియదు.

“ఈ నలభైఒకటిలో?” అన్నారు సాంబమూర్తి గారు.

“ఒక్కదానికీ లేవండీ.”

మల్లేశం గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. తానే ఒక రేకు తీసి, జేబురుమాలుతో మూల తుడిచి, బొటనవేలితో రుద్దాడు. మరొకటి రుద్దాడు. “కాలితే సాపైతయేమో.”

“మేకు దెబ్బ మంటకు చెరగదండీ. డబ్బా తయారీదారు ముద్ర చూడండి, పలచగా ఒత్తిందే, అయినా ఇంకా కనబడుతోంది. అది ఉన్నప్పుడు చుక్కలెక్కడికి పోతాయి?” సాంబమూర్తి గారు చేతులు దులుపుకున్నారు. “రేకును రేకే అనుకున్నారు. లెక్క సరిపోతే చాలనుకున్నారు.”

మార్చిలో మల్లికార్జునరావు గారు మా ఇంట్లో అడిగిన మొదటి ప్రశ్న గుర్తుకొచ్చింది. ఆవిడ ఎక్కడా పేరు రాయదా? రాయదండీ, చదువు లేదు అన్నాను. పోనీలెండి, అన్నారు.

సాంబమూర్తి గారు బయటికి వచ్చి చెప్పులు వేసుకుని, గోడవారగా నిలబడ్డ కొమరయ్య ఎదుటికి వెళ్లారు.

“ఫ్రేములు ఎవరు కట్టారు?”

“నేనే సార్.”

“రెండుసార్లు కట్టావా, ఒకసారేనా?”

కొమరయ్య కిందికి చూస్తూ భుజం మీది తువ్వాలు మడవసాగాడు.

“కట్టిన ఫ్రేము విప్పి మళ్లీ కడితే పాత మేకు రంధ్రం పక్కన కొత్తది పడుతుంది. చెక్క కాలిపోయింది, రంధ్రాలు కనబడవు. కానీ ఒక్కో రేకు చుట్టూ మేకులు ఎనిమిదికి బదులు పన్నెండూ పదమూడూ ఉన్నాయి. వంగిన పాతవి పీకకుండానే కొత్తవి కొట్టావు. తొందరలో ఉన్నావు. ఏ రోజు?”

“నోరు తెరిచి చెప్పు!” అని మల్లేశం గద్దించాడు. “లేకుంటే స్టేషన్ల చెప్తవు.”

“కొట్టకున్రి సార్, చెప్త. సోమారం.” కొమరయ్య నా కాళ్ల దగ్గర కూలబడ్డాడు. “తీతు సారూ, నాకు తెల్వదు. దేవుని తోడు నాకు తెల్వదు. లొల్లి పెద్దగైతున్నది, అమ్మ బొమ్మలకు ఏమన్నైతే మన మొహం ఏడ వెట్టుకోవాలె, భద్రం చేద్దామన్నడు రావు సారు. రేకులు ఇప్పించి, గడ్డివెట్టి పెట్టెలల్ల సర్దిపిచ్చిండు. ఉత్త డబ్బా రేకులు కోపిచ్చి గా ఫ్రేములల్ల పెట్టమన్నడు. అమ్మ చూడనీకొస్తే పరేషాన్ కావొద్దన్నడు. మంచి మనిషనుకున్న.”

“పెట్టెలెక్కడ?”

“తోపుడు బండి మీద నేనే ఏసుకపోయిన. విజయవాడ రోడ్డు మీద లారీ నిలవెట్టిన్రు.” ఇప్పుడు ఎల్.బి. నగర్ చౌరస్తా అంటున్న చోటు అది. అప్పుడు చేలూ ఒక పెట్రోలు బంకూ ఉండేవి. “పెట్టెల మీద మద్రాసు అని రాసుండె. ఆదివారం నాడు పెద్ద పెద్దోళ్లు ఒచ్చి సూస్తరని, ఫారిన్ తీస్కపోతరని ఎవరితోనో అంటుంటే ఇన్న. ‘నా ఇరవై ఏండ్ల పని’ అన్నడు సారు. నాకప్పుడు సమజ్ కాలే.”

“ఎల్లుండి ఆదివారం,” అన్నాడు మల్లేశం, తనలో తాను అనుకున్నట్టు.

“బుధవారం నాడు నువ్వు ఎందుకు రాలేదు?” అని నేను అడిగాను. అతన్ని నేను అడిగింది అదొక్కటే.

“బంద్ గద సారూ. ఇంట్ల పండుకున్న.” మోచేత్తో మొహం కప్పుకున్నాడు. “మంగళారం అమ్మ తొవ్వల కలిసింది. బొమ్మలెట్లున్నయి కొమరయ్యా అన్నది. మంచిగున్నయి అమ్మా అన్న. గీడ లేవు, పోయినయి అని ఒక్క మాట అంటే అయిపోతుండె. సారు ఎవరికీ చెప్పొద్దన్నడని చెప్పలే.”

ఆండాలు రోడ్డు అవతల నిలబడి వింటోంది.

సాంబమూర్తి గారు నన్ను పక్కకు తీసుకెళ్లారు. ఆయన గొంతు మారింది. “మాస్టారూ, ఇది అడక్క తప్పదు. అమ్మగారికి స్నానం ఎవరు చేయించారు?”

“మా మేనత్త రెబెక్క.”

“చేతుల గురించి ఏమైనా చెప్పిందా?”

చెప్పింది. ఒళ్లు కాలలేదు, నిద్రపోయినట్టే ఉంది అని చెప్పి, కాసేపాగి, కుడిచేతి వేళ్లు మాత్రం చూడకు బిడ్డా అన్నది. చూపుడు వేలూ మధ్య వేలూ కొసలు కాలి ఉన్నాయి. రేకు అంచు కోసిన గాట్లున్నాయి. తలుపు తీయబోయి కాల్చుకుందనుకున్నాం.

“తలుపు తీసే ఉంది,” అన్నారు సాంబమూర్తి గారు.

అప్పుడు నాకు అర్థమైంది. పొగలో కళ్లు కనబడవు. ఆమె చట్రం దగ్గరకు వెళ్లి మొదటి రేకు లాగి, మూల తడిమి ఉంటుంది. చుక్కలు లేవు. తనది కాదు. దాన్ని కింద పెట్టి రెండోది లాగింది. అదీ కాదు. రేకులు కాలుతున్నాయి. మూడోది. ఒక్కటి తనది దొరికినా దాన్ని పట్టుకుని బయటికి వచ్చేసేది. ఆమెది ఒక్కటీ అక్కడ లేదు. పద్నాలుగో రేకు దాకా చూసింది.

మల్లేశం టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. పంచనామా కాగితాన్ని నిలువునా చింపి, ఆ ముక్కల్ని జేబులో పెట్టుకున్నాడు.

“సాంబమూర్తి గారూ, మీరు నాకు నచ్చలేదు,” అన్నాడు.

“పర్వాలేదండీ.”

“రేపటి లారీ ఆపిస్తా. రావు కోసం విజయవాడకు ఇప్పుడే వైర్‌లెస్ పెడతా. మద్రాసుకు గూడ పెడతా. కానీ మద్రాసోళ్లకు ఏమని చెప్పాలె? రేకుల మీద బొమ్మలంటే రావు ఇవి నావే అంటడు. చుక్కల ముచ్చట చెప్తే, మనోళ్లు పోయేలోపల సుత్తితోటి సాపు చేస్తడు. ఆ సంగతి మన ముగ్గుర్లనే ఉండాలె.” నా వైపు తిరిగాడు. “మాస్టర్, ఏ బొమ్మ ఎట్లుంటదో రాసియ్యున్రి. ఎంతమంది ఆడోళ్లు, పిట్ట ఏ దిక్కు సూస్తున్నది, ఏ రంగు. నలభైఒకటీ రాయాలె. ఒక్కటి తక్కువున్నా కోర్టుల వాళ్ల వకీలు దాన్నే పట్టుకుంటడు. పొద్దున ఆరు గంటల బస్సుకు మనిషిని పంపుతా, ఆ కాగితం ఆయన చేతిల ఉండాలె.”

కొమరయ్యను జీపెక్కించారు. ఆండాలు బల్ల తుడిచి ఇచ్చింది. సాంబమూర్తి గారు తన పెన్ను ఇచ్చి, దూరంగా వెళ్లి నిలబడ్డారు. నాలుగున్నరకు రాయడం మొదలుపెట్టాను. మొదట నాన్న బొమ్మ, ఆంబులెన్సు పక్కన, తెల్ల చొక్కా. రెండోది సముద్రంలో నిలబడ్డ ముగ్గురు ఆడవాళ్లు, కుడివైపామె కళ్లు మూసుకుని ఉంటుంది. మూడోది ఖర్జూరపు చెట్టెక్కుతున్న పోచమ్మ. పోచమ్మ ఎన్నడూ ఖర్జూరపు చెట్టు చూడలేదు.

ఇరవై మూడేళ్లు ఆ ఇంట్లో పెరిగాను. ఆమె వేస్తుంటే పక్కనే కూర్చుని పిల్లల నోట్‌బుక్కులు దిద్దుకునేవాణ్ణి. తలెత్తి ఎంత తక్కువ చూశానో ఇప్పుడు తెలుస్తోంది.

ఏడు గంటలయ్యేసరికి ఇరవై తొమ్మిది రాశాను. మిగిలిన పన్నెండూ ఇంకా గుర్తు తెచ్చుకుని రాయవలసి ఉంది.